గుడి అని వెతికితే గాడిద వచ్చింది

తెలుగులో పరిశోధన చేసే పిల్లలకు ఇప్పుడు పుస్తకం దొరకడం కష్టం కాదు. దొరికిన పుస్తకంలో కావాల్సిన పేజీ దొరకడమే కష్టం. తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో డీటీపీ షాపు పెట్టుకుని, థీసిస్‌లు టైపు చేసి, దిద్ది, బైండింగుకు పంపే పని నాది. కాబట్టి ఇది రోజూ కళ్ళారా చూస్తున్నదే. వచ్చేవాళ్ళందరి దగ్గరా ఒక పెన్ డ్రైవ్ ఉంటుంది. అందులో ‘న్యూ ఫోల్డర్’, దాని లోపల ఇంకో ‘న్యూ ఫోల్డర్’, దాని లోపల వందల పీడీఎఫ్‌లు. ఒకే పుస్తకం రెండు మూడు సార్లు దిగి ఉంటుంది. ఏది చదివారో, ఏది దించి వదిలేశారో వాళ్ళకే గుర్తుండదు. హుండీలో పడిన డబ్బు పరకామణిలో విడదీసి లెక్క తేల్చేదాకా ఎంతో ఎవరికీ తెలియదు. మన డౌన్‌లోడ్లన్నీ ఇంకా హుండీలోనే ఉన్నాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇది. దించుకున్న తెలుగు ఫైళ్ళకు ఇండెక్స్, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక, ఎవరికి వాళ్ళే వేసుకోవాలి, అదీ బటన్లు లేకుండా ఆజ్ఞలు టైపు చేసి పని చేయించే కమాండ్ లైన్‌లో వేసుకోవాలి. బటన్ నొక్కితే అన్నీ చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు తెలుగు దగ్గరికి వచ్చేసరికి తప్పు చేస్తాయి, చేసినట్టు చెప్పవు. కమాండ్ లైన్‌లోనూ తప్పులు జరుగుతాయి. కాకపోతే ఏ మెట్టు దగ్గర జరిగిందో కనబడుతుంది, అక్కడికక్కడ దిద్దుకోవచ్చు. ‘ఆ నల్ల స్క్రీన్ చూస్తేనే టెన్షన్ అన్నా’ అనే ఎంఏ తెలుగు పిల్లలకే ఇది ముందు కావాలని కూడా అంటాను. కంప్యూటర్ చదివినవాళ్ళకు పనిముట్లు తెలుసు. కలుజు, మొరవ, అలుగు మూడూ ఒకటేనని, చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటేనని తెలిసింది మాత్రం తెలుగు పిల్లలకే.

మొరవ మాట ఊరికే తేలేదు. చంద్రగిరి వైపు చెరువుల మీద పనిచేస్తున్న ఒకమ్మాయి ఓ సాయంత్రం షాపు మూసే వేళకు వచ్చింది.

“అన్నా, చెరువు మొరవ పోయినప్పుడు నీళ్ళు ఎవరి వంతు అనేది యాడో చదివినా. రేపు గైడ్‌కు చూపించాల.”

“ఏ పుస్తకమో తెలీదామ్మా?”

“తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తానన్నా? ఈ డ్రైవ్‌లోనే ఉంది.”

ఆ డ్రైవ్‌లో ఫైళ్ళ పేర్లు చూస్తే ఎవరైనా దణ్ణం పెడతారు. ఒకప్పటి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. వాటి గుర్తులన్నీ ‘ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015’ అని మొదలై ఒక పొడుగాటి అంకెతో ముగుస్తాయి. అంకెను బట్టి పుస్తకం తెలియదు. పుస్తకం పేరు రోమన్ లిపిలో ఇచ్చిన చోట ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు, దీర్ఘాలు ఉండవు, ఒత్తులు ఉండవు. పుస్తకం పేరే సరిగా లేనప్పుడు లోపలి మాట ఎలా దొరుకుతుంది?

‘నెట్‌లో ఉంది కదా, కావాల్సినప్పుడు వెతుక్కుంటే పోలేదా’ అనేవాళ్ళున్నారు. రెండు కారణాల వల్ల పోదు. మొదటిది, మనకు కావాల్సిన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం స్కాన్ బొమ్మలు. బొమ్మలో ఉన్న మాట మామూలు సెర్చ్ పెట్టెకు అందదు. రెండోది, నెట్‌లో ఉన్నది రేపు అక్కడే ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు. డిజిటల్ లైబ్రరీ అసలు సైటు మూతపడింది, అందులోని పుస్తకాలను వేరే చోటికి చేర్చినవాళ్ళు ఉండబట్టి అవి మిగిలాయి. ఆంధ్రప్రదేశ్ జీవోలనే చూడండి. 2021 ఆగస్టులో వాటిని అందరికీ కనబడే సైటులో పెట్టడం ఆపేశారు, మళ్ళీ మొదలుపెట్టింది 2024లో. ఆ మధ్యలో పాత జీవోలను సొంత డిస్కులో దాచుకున్నవాళ్ళు నిబ్బరంగా పని చేసుకున్నారు.

జిల్లాల సంగతి ఇంకో తంటా. చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి విడి జిల్లా అయింది, అదే రోజు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. అంటే చంద్రగిరి చెరువు గురించిన కాగితం కాలాన్ని బట్టి ఉత్తర ఆర్కాటు కింద ఉంటుంది, చిత్తూరు కింద ఉంటుంది, తిరుపతి కింద ఉంటుంది. ఏ సర్కారు సైటూ ఈ మూడింటినీ కలిపి వెతికిపెట్టదు. అది వాళ్ళ తప్పేం కాదు, ఎవరి జిల్లా వాళ్ళది. కలిపి చూడాల్సిన అవసరం మనది కాబట్టి కలిపే పనీ మనదే.

దించడం దగ్గర నుంచి వద్దాం. నేను వాడేది డబ్ల్యూగెట్. క్రొయేషియాకు చెందిన హ్ర్వోయె నిక్షిచ్ 1996 జనవరిలో విడుదల చేసిన ప్రోగ్రామ్ అది. ఇన్నేళ్ళయినా ఇప్పటికీ రోజువారీ పనికొస్తోంది. ఒక సైటులో ఒక ఫోల్డర్ చూపించి, పైకి ఎక్కకుండా కింద ఉన్న పీడీఎఫ్‌లు మాత్రమే తెమ్మంటే తెస్తుంది. కరెంటు పోయి సగంలో ఆగితే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. సర్వర్‌లో ఫైలు చివరిగా మారిన తేదీని మన దగ్గరి ఫైలుకూ పెడుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒకే నివేదికకు పాత కాపీ ఏది, కొత్తది ఏది అన్న తగువు వచ్చినప్పుడు ఆ తేదీయే తీరుస్తుంది.

మర్యాద కూడా ఇక్కడే మొదలవుతుంది. ఒక్కో ఫైలుకూ మధ్య కాసేపు ఆగమని డబ్ల్యూగెట్‌కు చెప్పొచ్చు, చెప్పాలి. దించే ప్రోగ్రామ్‌ల కోసం సైటువాళ్ళు పెట్టే రోబోట్స్ ఫైలులో ఏ ఫోల్డర్ జోలికి రావద్దని రాసుంటే, సైటు మొత్తం తిరిగేటప్పుడు అది దానంతట అదే తప్పుకుంటుంది. 1994లో మర్యాదగా మొదలైన ఆ పద్ధతికి 2022లో లిఖితపూర్వక ప్రమాణం కూడా వచ్చింది. దాన్ని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. వాడకండి. చిన్న సంస్థల సైటు మీద ఒకేసారి వందల అభ్యర్థనలు పడితే అక్కడ ఇంకొకరికి పేజీ తెరుచుకోదు. రాత్రి పూట, నెమ్మదిగా దించుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

తెలుగు పేరున్న ఫైళ్ళతో ఒక చిక్కుంది. వెబ్ చిరునామాల్లో తెలుగు అక్షరం పర్సెంట్ గుర్తులుగా మారిపోతుంది. ఒక్క ‘త’ రాయాలంటే మూడు పర్సెంట్లు, వాటి వెనక అంకెలూ అక్షరాలూ కలిపి 9 గుర్తులు. లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ పేరుకు ఇచ్చే చోటు 255 బైట్లు. అంటే 28 అక్షరాలు దాటిన తెలుగు పేరు పట్టదు, గుణింతం గుర్తు కూడా ఇక్కడ ఒక అక్షరం కిందే లెక్క. ఫైల్ పేర్లలో తెలుగును తెలుగుగానే ఉంచమని డబ్ల్యూగెట్‌కు చెప్పే ఆప్షన్ ఒకటుంది, కమాండ్ వాడకం చెప్పే మాన్ పేజీలో వెతికి పట్టుకోండి. లేకపోతే పేరు నిండా పర్సెంట్లే.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. ఏ చిరునామా నుంచి, ఏ తేదీన దించామో లాగ్ ఫైల్ రాయించి పెట్టుకోండి. థీసిస్ చివర సూచీ రాసేటప్పుడు ‘అన్నా, ఇది ఏ సైటులోది’ అని నన్ను అడిగితే నేనేం చెప్పను?

ఇప్పుడు అసలు పని, ఫైల్‌లోంచి అక్షరాలు బయటికి తీయడం. దీనికి పీడీఎఫ్‌టుటెక్స్ట్ అనే చిన్న కమాండ్ ఉంది. ఇంగ్లీషు పుస్తకాలకు ఇక్కడితో పని అయిపోతుంది. తెలుగుకు ఇక్కడే మొదలవుతుంది.

మనకు దొరికే తెలుగు పీడీఎఫ్‌లు పైకి ఒకేలా కనబడతాయి గానీ లోపల ఒక దానికీ ఒక దానికీ సంబంధం లేదు. కొన్ని యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత అంకె ఉన్న పద్ధతిలో కొట్టినవి. వీటిలో మాట బయటికి వస్తుంది, ఒక్కోసారి ఒత్తు ఎగిరిపోయి, గుణింతం పక్క అక్షరానికి తగిలి వస్తుంది. స్కాన్లలోంచి ఏమీ రాదు, ఖాళీ. ఇంక మిగిలినవి మా డీటీపీ వాళ్ళ పుణ్యం, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన పుస్తకాలు. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు కనిపిస్తుంది. తీసి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఫ్రెంచి వాళ్ళ టోపీ అక్షరాలు కలగాపులగంగా ఉంటాయి. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు. దశాబ్దాల తెలుగు ప్రచురణ ఇలాగే ఉంది. వీటిని మామూలు సెర్చ్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ‘ఇండెక్సింగ్ పూర్తయింది’ అని పచ్చ టిక్కు పెడుతుంది. ఏ మాట వెతికినా సున్నా ఫలితాలు. పిల్లలు ఆ పుస్తకంలో ఆ విషయం లేదనుకుని వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అను ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఏ వెర్షన్ ఫాంటో తెలియకపోతే అవి కొత్త రకం తప్పులు తెస్తాయి. నా పద్ధతి వేరు. ఆ పేజీలను బొమ్మలుగా మార్చి టెసరాక్ట్‌తో చదివిస్తాను, బొమ్మలోని అక్షరాలను ఇలా చదవడాన్నే ఓసీఆర్ అంటారు. కంప్యూటర్‌లో కొట్టిన అక్షరం గీత గీతగా స్పష్టంగా ఉంటుంది కాబట్టి చక్కగా చదువుతుంది. టెసరాక్ట్ 1980లలో హెచ్‌పీలో పుట్టి, 2005లో అందరి చేతికీ వచ్చిన ప్రోగ్రామ్. దానికి తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ కలిపి చదవమని ఒకే కమాండ్‌లో చెప్పొచ్చు. తిరుపతిలో పనిచేసేవాళ్ళకు ఇది వరం. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. దేవస్థానం 1930లలో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి వంటి వాళ్ళ చేత వాటిని సంపుటాలుగా అచ్చు వేయించింది. విజయనగర కాలంలో స్వామికి వచ్చిన సొమ్మును దేవస్థానం ఊళ్ళలో చెరువులకూ కాలువలకూ ఖర్చుపెట్టి, అలా పెరిగిన పంటలోంచి నైవేద్యాలు నడిపారని తెలిసేది వాటి వల్లనే. చెరువుల మీద పనిచేసే పిల్ల వాటిని వదిలేస్తే ఎలా?

పాత ముద్రణ స్కాన్లయితే వేరే కథ. సిరా అలుక్కున్న చోట ప, వ ఒకటవుతాయి. మ, య తారుమారవుతాయి. అరసున్న ఒక్కోసారి చుక్క, ఒక్కోసారి ఏమీ కాదు. ఇది చూసి ‘తెలుగు ఓసీఆర్ పనికిరాదు’ అని కొట్టిపారేసే పెద్దలున్నారు. వాళ్ళతో ఒప్పుకోను. ఓసీఆర్ పాఠాన్ని యథాతథంగా అచ్చు వేస్తే తప్పు, దాన్ని వెతుకులాటకు వాడుకుంటే ఏ తప్పూ లేదు. ఒక పేజీలో ‘చెరువు’ అన్న మాట నాలుగు చోట్ల ఉండి మూడు చోట్ల చెడిపోయినా, నాలుగోది ఆ పేజీని పట్టిస్తుంది. పట్టించాక చదవాల్సింది స్కాన్ బొమ్మనే.

పీడీఎఫ్‌టుటెక్స్ట్ ప్రతి పేజీ చివరా కంటికి కనబడని పేజీ విరుపు గుర్తు ఒకటి పెడుతుంది. దాన్ని పట్టుకుని పుస్తకాన్ని పేజీలుగా కోసి, ఒక్కో పేజీనీ ఒక్కో వరుసగా ఇండెక్స్‌లోకి ఎక్కిస్తాను. పుస్తకం మొత్తాన్ని ఒకే ముద్దగా ఎక్కించే సాఫ్ట్‌వేర్లు ‘ఈ పుస్తకంలో ఉంది’ అని మాత్రం చెబుతాయి. అయిదొందల పేజీల పుస్తకంలో అది చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఎక్కించే ముందు ఇంకో పని చేస్తాను. పేజీలో యూనికోడ్ తెలుగు అక్షరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, మరీ తక్కువుంటే ఆ పేజీని పక్కన పడేయమని చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. అను ఫాంటు దొంగలూ ఖాళీ స్కాన్లూ అందులో దొరికిపోతాయి.

ఇక ఇండెక్స్. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది, మనకు తెలియకుండా రోజూ వాడుతున్నదే. 2015 నుంచి అందులో ఎఫ్‌టీఎస్5 అనే భాగం వస్తోంది, పూర్తి పాఠంలో వెతకడానికి. సర్వర్ అక్కర్లేదు, ఇండెక్స్ అంతా ఒకే ఫైలు. పేజీలు ఎక్కించి ‘గుడి’ అని వెతికాను. గుడి ఉన్న పేజీలు వచ్చాయి. వాటితోపాటు గోడ వచ్చింది, గూడు వచ్చింది, ఒక పేజీలో గాడిద వచ్చింది.

కారణం ఇది. ఎఫ్‌టీఎస్5 మామూలుగా వాడే పద్ధతి పేరు యూనికోడ్61. అది అక్షరాలనూ అంకెలనూ మాటలో భాగంగా లెక్కిస్తుంది, మిగతావన్నీ మాటల మధ్య ఖాళీలే. యూనికోడ్ పట్టికలో మన గుణింతం గుర్తులు అక్షరాల వర్గంలో లేవు, అవి ‘మార్కులు’. కాబట్టి ‘గుడి’లో కొమ్ము (ు) దగ్గర ఒక విరుపు, గుడి గుర్తు (ి) దగ్గర ఇంకో విరుపు. మిగిలింది గ, డ. గోడలోనూ గ, డ. గాడిదలో గ, డ, ద. వెతికేటప్పుడు మన మాటనూ అలాగే ముక్కలు చేసి, ఆ ముక్కలు వరసగా ఉన్న చోటల్లా పట్టుకొస్తుంది. ఇంగ్లీషుకు ఈ పద్ధతిలో ఏ లోటూ లేదు. తెలుగు మాటకు మాత్రం గుణింతమంతా ఊడిపోయింది.

ఇందులో ప్రమాదం ఏమిటంటే పని జరుగుతున్నట్టే ఉంటుంది. ఎర్రర్ రాదు. కావాల్సిన పేజీలూ వస్తాయి, చెత్త కూడా వస్తుంది, ‘ఏదో సాఫ్ట్‌వేర్ కదా’ అని సర్దుకుంటాం. ఇదే ఎస్‌క్యూలైట్‌ను లోపల పెట్టుకుని, పైన అందమైన తెర తగిలించిన యాప్ అయితే ఎవరు కనిపెడతారు? కమాండ్ లైన్‌లో మాత్రం ఎఫ్‌టీఎస్5 వొకాబ్ అనే పట్టిక తెరిచి, ఇండెక్స్‌లో ఏయే మాటలున్నాయో వరసగా చూడొచ్చు. చూస్తే మాటలకు బదులు క, గ, డ, ద అని ఒంటరి హల్లులు బారులు తీరి ఉన్నాయి. తెలుగు అక్షరమాల వచ్చిన ఎవరికైనా అక్కడ ఏదో కొంప మునిగిందని చూడగానే తెలుస్తుంది. మందు కూడా అక్కడే ఉంది. పట్టిక తయారుచేసేటప్పుడు కేటగిరీస్ అనే ఆప్షన్‌లో ఎమ్‌ఎన్, ఎమ్‌సీ అనే రెండు మార్కుల వర్గాలను కలపాలి. రెండూ కలపాలి సుమా. గుడి గుర్తు ఒక వర్గంలో ఉంది, కొమ్ము ఇంకో దాంట్లో ఉంది, సున్న కొమ్ముతో పాటే ఉంది. ఒకటి కలిపి ఒకటి వదిలేస్తే సగం మాటలు ఇంకా విరుగుతూనే ఉంటాయి.

వేరే పనిముట్లు లేవని కాదు. గ్జేపియన్ వాళ్ళ ఒమిండెక్స్ అనే ఇండెక్స్ వేసే ప్రోగ్రామ్ ఉంది. దించిన సైటు ఫోల్డర్‌నూ దాని అసలు చిరునామానూ చూపిస్తే, లోపలి ఫైళ్ళన్నీ తానే విప్పి, ఫలితాల్లో అసలు సైటు లింకులే ఇస్తుంది. ఇంగ్లీషు నివేదికలకు దాన్ని మించింది లేదు. తెలుగు విభక్తులను విప్పడం దానికి రాదు, ప్రత్యేకంగా చెప్పకపోతే ఇంగ్లీషు వ్యాకరణంతోనే నడుస్తుంది. అయినా ‘ఏది గొప్పది’ అనే పోటీ నాకు పట్టదు. లోపలికి తొంగి చూడనిచ్చేది ఏదైనా మంచిదే.

మాట విరగకుండా ఎక్కించాక కూడా తెలుగు లొంగదు. చెరువు, చెరువులో, చెరువుకు, చెరువుగట్టు అన్నీ పట్టుకోవాలని ‘చెరు’ తర్వాత నక్షత్రం గుర్తు (*) పెట్టి వెతికితే, చెరుకు కూడా వస్తుంది. చిత్తూరు జిల్లా కాగితాల్లో చెరుకు గురించి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు, చెరువులన్నీ అందులో కొట్టుకుపోతాయి. ‘చెరువ’ దాకా రాసి ఆ గుర్తు పెట్టి అడగాలి. ‘పెద్దచెరువు’ అని కలిపి రాస్తే ముందు నుంచి వెతికే పద్ధతికి అది అందదు. దానికి మూడేసి గుర్తుల ముక్కలతో ఇంకో ఇండెక్స్ వేసుకోవచ్చు, ట్రైగ్రామ్ అంటారు, 2020 చివర్లో ఎఫ్‌టీఎస్5లో చేరింది. నేను రెండూ ఉంచుకుంటాను. రెండో దానికి డిస్కులో చోటు ఎక్కువ కావాలి, పెట్టండి. అప్పటికీ సంధి చేసిన చోట దొరకవు. ‘తండ్రి’ అని ఎంత వెతికినా ‘తల్లిదండ్రులు’ రారు.

కాళ్ళు అని కొందరు, కాళ్లు అని కొందరు రాస్తారు. కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కంటికి కనబడకుండా కూర్చునే జోడింపు నిరోధక గుర్తు ఒకరి టైపింగులో ఉంటుంది, ఇంకొకరి దాంట్లో ఉండదు. ఎక్కించే ముందే, ఒక గుర్తు బదులు ఇంకోటి పెట్టే సెడ్ కమాండ్‌తో ఒక దారికి తేవాలి. అసలు పాఠాన్ని ముట్టుకోకూడదు, వెతకడానికి తయారుచేసే కాపీలోనే ఇవన్నీ చేయాలి.

ఆ అమ్మాయి పేజీ సంగతికి వస్తే, మొరవ అని వెతికితే ఒక్కటీ రాలేదు. మరవ అని అడిగితే సగం ‘మరవకుండా’లు వచ్చాయి. కలుజు అన్నాక ఒక గ్రామీణ నీటిపారుదల పుస్తకంలో పేజీ తగిలింది. తను చదివింది అదే. ఇంటి దగ్గర మొరవ అంటారు కాబట్టి తన బుర్రలో అది మొరవగా గుర్తుండిపోయింది, పుస్తకంలో కలుజు అని ఉంది. తూము, నీరుగంటి, గొలుసుకట్టు అని మరికొన్ని మాటలు పక్కపక్కనే అడిగి చూశాం. మర్నాడు గైడ్‌కు చూపించాల్సిన దానికంటే ఎక్కువే దొరికింది. ఫలితాలను నేను ర్యాంకు ప్రకారం పెట్టను, పుస్తకం అచ్చయిన సంవత్సరం ప్రకారం పెడతాను. ఎవరు ముందు అన్నారో, ఎవరు ఎత్తి రాశారో అప్పుడు తెలిసిపోతుంది. కొన్ని థీసిస్‌ల బండారం కూడా ఇలాగే బయటపడింది, అది వేరే ముచ్చట.

‘ఇంత తంటా ఎందుకు, పీడీఎఫ్‌లన్నీ ఏఐకి ఎక్కించి అడిగితే పోలేదా’ అని ఈ మధ్య ప్రతివాడూ అడుగుతున్నాడు. ఎక్కించండి, నేను వద్దనను. అది కూడా ఆ ఫైల్‌లోంచి అక్షరాలు తీసే చదవాలి. అను ఫాంటు చెత్త తీస్తే ఆ చెత్తనే చదువుతుంది, చదివి మీకు చక్కటి తెలుగులో జవాబు చెబుతుంది. సున్నా ఫలితాలు వస్తే కనీసం అనుమానం వస్తుంది, చక్కటి జవాబు వస్తే అనుమానం కూడా రాదు. వైవాలో కూర్చున్న ఎగ్జామినర్ అడిగేది ‘ఏ పుస్తకం, ఏ పేజీ’ అని. అక్కడ ఏఐ చెప్పిందంటే కుదరదు. ముందు ఇండెక్స్‌తో పేజీ పట్టుకుని, ఆ పేజీని ఏఐ చేత చదివించుకుంటే నాకు అభ్యంతరం లేదు. తమిళ శాసనాల పేజీలకు నేనూ అలాగే చేస్తున్నాను, తర్వాత తమిళం వచ్చిన మనిషికి చూపిస్తున్నాను.

‘అన్నా, నీ ఇండెక్స్‌ను వెబ్‌సైటుగా పెట్టేయొచ్చు కదా’ అని ఇద్దరు ముగ్గురు స్నేహితులు పట్టుబడుతున్నారు. పెట్టను. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. నా దగ్గరున్న పుస్తకాల్లో హక్కులు తీరినవీ ఉన్నాయి, తీరనివీ ఉన్నాయి. చదువుకోవడానికి సొంత డిస్కులో ఉంచుకోవడం వేరు, పుస్తకం పాఠమంతా ఊరందరి ముందూ పరచడం వేరు. అదీగాక ఎవరో వేసిన ఇండెక్స్‌లో వెతికేవాడికి అందులో ఏది చేరలేదో తెలియదు. నా స్క్రిప్టు పక్కన పడేసిన పేజీల జాబితా నా దగ్గరుంది, సైటులో వెతికేవాడికి అది కనబడదు కదా.

స్క్రిప్టులు మాత్రం అడిగినవాళ్ళకల్లా పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాను. వాటితోపాటు ఒక మాటల పట్టిక కూడా ఇస్తున్నాను, మామూలు టెక్స్ట్ ఫైలు. కలుజు అని అడిగితే మొరవ, మరవ, అలుగు కూడా వెతకమని, గుడి అంటే దేవళం, కోవెల, ఆలయం కూడా చూడమని, తిరుపతి కోసం పాత ఇంగ్లీషు కాగితాల్లో ట్రిపెటీ అనే స్పెల్లింగునూ పట్టుకోమని చెప్పేది అదే. ఒక్కో వరుసా ఎవరో ఒకరు షాపులో కూర్చుని చెప్పిందే. సేద్యం మాటలు, దేవస్థానం మాటలు బాగానే చేరాయి. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కలిసిన మాటలు, సత్యవేడు, నగరి వైపు తమిళం కలిసినవి ఇంకా చాలా తక్కువ. ఆ ఊళ్ళ వాళ్ళు బాలాజీ కాలనీ వైపు వస్తే ఒకసారి షాపులోకి రండి, టీ తాగుతూ రాసుకుందాం.